స్టీరింగుకీ చక్రానికీ మధ్య

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 98వది స్టీరింగు గురించి చెబుతుంది.  స్టీరింగుని అటూ ఇటూ కదిపితే ముందు చక్రాలు కదలకుండా అది ఉత్తినే తిరిగే మేర 30 డిగ్రీలు దాటకూడదు. స్టీరింగు కడ్డీలను కలిపే బాల్ జాయింట్లన్నిటికీ రబ్బరు తొడుగులు ఉండాలి. బోల్టుతోనో పిన్నుతోనో బిగించిన చోట అవి ఊడిరాకుండా గట్టిగా లాక్ చేసి ఉండాలి. కొత్త బండి షోరూం నుంచి వచ్చినప్పుడు ఈ మూడూ కంపెనీ బాధ్యత. మొదటిసారి షెడ్డులో జాకీ ఎక్కి, టైరాడ్ ఎండ్ మార్పించుకున్న రోజు నుంచి మాత్రం ఈ మూడూ పానా పట్టుకున్న మనిషి చేతిలో ఉంటాయి. ఈ అధ్యాయం ఆ చేతి గురించి.

పల్నాడు రోడ్ల మీద ఆ చేతి పని తేడా వస్తే దిద్దుకోవడానికి చోటు ఉండదు. పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు సున్నపురాయి, సిమెంటు లారీలు ఎడతెగకుండా తిరుగుతాయి. అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి మీద కార్లు వేగంగా పోతుంటాయి. నాగార్జునసాగర్ కుడి కాలువ కట్టల వెంట పోయే దారుల్లో ఒక పక్క నీళ్లే. కోటప్పకొండ ఘాట్ రోడ్డులో మలుపులు. ఇలాంటి చోట బండి రెండు మూడు మీటర్లు పక్కకి జరిగితే చాలు.

ముందు స్టీరింగు ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన చేతిలో ఉన్న చక్రం కింద కాలమ్ ఉంటుంది. కాలమ్ కింద యూనివర్సల్ జాయింట్లతో ఒక పొట్టి షాఫ్టు. దాని కొసన పినియన్ అనే చిన్న పళ్ల చక్రం. పినియన్ తిరిగితే రాక్ అనే పళ్ల కడ్డీ కుడికో ఎడమకో జరుగుతుంది. రాక్ రెండు కొసల నుంచి రెండు టైరాడ్లు బయటికి వస్తాయి, వాటి చివర టైరాడ్ ఎండ్లు. షెడ్డులో వీటిని ఊరికే ‘ఎండ్లు’ అంటారు. ఎండ్ వెళ్లి చక్రం వెనకాల ఉండే నకిల్‌ని పట్టుకుంటుంది. నకిల్ తిరిగితే చక్రం తిరుగుతుంది. చాలా కార్లలో మన చేయి సుమారు 16 డిగ్రీలు తిప్పితే రోడ్డు మీది చక్రం 1 డిగ్రీ తిరుగుతుంది.

ఇందులో ఎక్కడా రెండో దారి లేదు. బ్రేకులకి రెండు సర్క్యూట్లు ఉంటాయి, ఒకటి పోయినా రెండోది కొంతైనా ఆపుతుంది. అదీ చాలకపోతే హ్యాండ్ బ్రేకు ఉంది. ఇంజిను ఆగిపోతే బండి ఆగుతుంది, అంతే. స్టీరింగులో ఒక్క కీలు ఊడితే మాత్రం ఆ చక్రం ఎటు పోవాలో చెప్పేవాళ్లు ఇక ఎవరూ ఉండరు.

అన్నిటికంటే ఎక్కువసార్లు షెడ్డు చేతికి వచ్చేది ఎండ్. లోపల గుండ్రటి ఉక్కు బంతి, దాని చుట్టూ గ్రీజు, మీద రబ్బరు తొడుగు. బంతి నుంచి కిందికి దిగే కాడ తిన్నగా ఉండదు, కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. దీన్నే టేపర్ అంటారు. నకిల్‌లో ఉన్న రంధ్రం కూడా అదే వాలుతో కోసి ఉంటుంది. కింద నట్టు బిగించేకొద్దీ కాడ ఆ రంధ్రంలోకి దిగి, రెండు లోహాలూ చుట్టూరా అదుముకుని ఒకే ముక్కలా పట్టుకుంటాయి. రోడ్డు నుంచి వచ్చే దెబ్బలన్నీ ఈ పట్టు మీదే పడతాయి. నట్టు వాటిని మోయదు. కాడని లోపలికి లాగి ఉంచడమే దాని పని.

కాబట్టి ఆ రెండు ముఖాలూ శుభ్రంగా, పొడిగా ఉండాలి. పాత తుప్పు, మట్టి, రంగు తుడవకుండా కొత్త ఎండ్ ఎక్కిస్తే కాడ మధ్యలోనే ఆగిపోతుంది. నట్టు గట్టిగానే బిగిసినట్టు అనిపిస్తుంది. కానీ బండి నడుస్తుంటే కాడ రంధ్రంలో సన్నగా ఊగుతుంది. ఊగేకొద్దీ రంధ్రం అరిగి సాగుతుంది, నట్టు వదులవుతుంది. ఆ పైన కాడ మరల దగ్గర అటూ ఇటూ వంగి వంగి ఒకరోజు తెగుతుంది. రంధ్రం ఒకసారి సాగితే కొత్త ఎండ్ తెచ్చినా ప్రయోజనం లేదు, నకిల్ మార్చాల్సిందే. నకిల్ ఖరీదు చూసి, సన్నటి రేకు ముక్క చుట్టి పాత రంధ్రంలోనే బిగించే షెడ్లున్నాయి. ఆ రేకు కొన్నాళ్లకి నలిగి జారిపోతుంది.

ఇక నట్టు. చాలా బండ్లలో ఈ నట్టు తలమీద గాడులు కోసి ఉంటాయి, కాడకి అడ్డంగా రంధ్రం ఉంటుంది. బిగించాక గాడినీ రంధ్రాన్నీ కలిపి స్ప్లిట్ పిన్ను గుచ్చి కాళ్లు విడదీసి వంచుతారు. ఎద్దుబండి ఇరుసు కొసన కడచీల చేసే పనే ఇది. తను బరువు మోయదు, మోసేదాన్ని ఊడిపోనివ్వదు. చెప్పిన బిగువు దాకా వచ్చాక గాడి రంధ్రానికి ఎదురుగా పడకపోతే నట్టుని ఇంకాస్త ముందుకే తిప్పాలి. వెనక్కి తిప్పడం సులువు గనుక చాలామంది వెనక్కే తిప్పుతారు. ఆ కొంచెంలో ఏముందో లెక్క చూద్దాం. మర ఒక చుట్టుకి 1.25 మిల్లీమీటర్లు జరుగుతుందనుకుంటే, అరగాడి, అంటే 30 డిగ్రీలు వెనక్కి తిప్పితే నట్టు 0.1 మిల్లీమీటరు వెనక్కి వస్తుంది. తల వెంట్రుకంత మందం. కానీ బిగించినప్పుడు ఆ పొట్టి కాడ సాగేది అందులో సగం కూడా ఉండదు. అంటే ఆ వెంట్రుకంత వెనకడుగుతో నట్టు లాగి పట్టే బలం మొత్తం పోయినట్టే. పైకి పిన్ను ఉంది, నట్టు ఉంది, అన్నీ ఉన్నాయి. పట్టు ఒక్కటే లేదు.

పిన్ను ఖరీదు కొన్ని రూపాయలు. దాన్ని ఒకసారి వంచి, తిన్నగా చేసి, మళ్లీ వంచితే ఉక్కు గట్టిపడి, వంపు దగ్గర పగులుతుంది. అందుకే పాత పిన్ను మళ్లీ వాడకూడదు. కొన్ని కార్లలో పిన్నుకి బదులు నైలాన్ రింగు ఉన్న నట్టు వస్తుంది. అదీ అంతే, ఒకసారి విప్పితే రింగు పట్టు తగ్గుతుంది, కొత్తది వేయాలి. పిన్ను దొరకలేదని చిన్న మేకు గుచ్చో, రాగి తీగ చుట్టో పంపేవాళ్లని ఏమనాలో నాకు తెలియదు. 98వ నియమం ‘గట్టిగా లాక్ చేసి ఉండాలి’ అని రాసింది సరిగ్గా ఈ పనిని ఆపడానికే.

చేతి బిగువుని ఎందుకు నమ్మకూడదో కూడా చెప్పాలి. నట్టు బిగించేటప్పుడు మనం పెట్టే బలంలో దాదాపు తొంభై శాతం రాపిడికే ఖర్చవుతుంది, కొంత నట్టు ముఖం కింద, కొంత మరల మధ్య. భాగాలను అదిమి పట్టడానికి మిగిలేది పది శాతం చిల్లర. మరలు తుప్పు పట్టి ఉంటే రాపిడి పెరుగుతుంది, ఆ పది కాస్తా అయిదవుతుంది. చేతికి మాత్రం ‘బాగా టైటయింది’ అనే అనిపిస్తుంది. ఎంత అనుభవం ఉన్న చెయ్యికైనా ఈ తేడా తెలియదు, ఎందుకంటే చెయ్యి కొలిచేది మొత్తం బలాన్నే. టార్క్ రెంచి కొలిచేదీ మొత్తం బలాన్నే, కాకపోతే చెయ్యిలా అంచనా వేయదు, అంకెల్లో చూపిస్తుంది. అందుకే మరలు శుభ్రం చేసి దానితో బిగించాలి. చిన్న కార్లలో ఎండ్ నట్టుకి కావలసిన బిగువు సాధారణంగా 40 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే 20 సెంటీమీటర్ల పానా కొసన సుమారు 20 కిలోల బరువు వేలాడినంత. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు బోల్టులు ఎందుకు వదులవుతాయో పరీక్షించి చూపించాడు. నిలువు కుదుపుల కంటే, బిగించిన రెండు భాగాలూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా జారడమే నట్టుని తిప్పి విప్పేస్తుందని తేల్చాడు. సరిపడా అదిమి పడితే జారుడు ఉండదు, జారుడు లేకపోతే నట్టు కదలదు. స్టీరింగులో ప్రతి కీలు మీదా పడేది అడ్డ బలమే.

షెడ్డు పని తేడా వచ్చే రెండో చోటు చాలామంది ఊహించనిది. కాలమ్ కింది షాఫ్టు పినియన్ మీద కూర్చునే దగ్గర నిలువు పళ్లుంటాయి. షాఫ్టు చివరి పట్టీని పించ్ బోల్టు నొక్కి ఉంచుతుంది. పినియన్ కాడకి అక్కడ ఒక గాడి కోసి ఉంటుంది. షాఫ్టు పూర్తిగా దిగితే బోల్టు ఆ గాడిలోంచి పోతుంది. అప్పుడు బోల్టు కాస్త వదులైనా షాఫ్టు పైకి జారలేదు, గాడి అడ్డుకుంటుంది. షాఫ్టు పూర్తిగా దిగకుండానే బోల్టు గుచ్చితే అది గాడిని పట్టుకోదు, పళ్ల పైపైన పట్టీ నొక్కుడు ఒక్కటే మిగులుతుంది. కొన్నాళ్లు బాగానే తిరుగుతుంది. ఒకరోజు ఒక గుంత దెబ్బకి స్టీరింగు చేతిలో ఖాళీగా తిరుగుతుంది. ఈ బోల్టుని విప్పేది స్టీరింగు పని కోసమే కాదు. కొన్ని కార్లలో క్లచ్ ప్లేటు మార్చడానికి గేరుబాక్సు దించాలంటే దాని కింది చట్రాన్ని వదులు చేయాలి, ఆ చట్రానికే రాక్ బిగించి ఉంటుంది. క్లచ్ పని చేయించుకున్న బండిలో స్టీరింగు బోల్టు సరిగ్గా పడిందో లేదో ఎవరూ అడగరు. అడగాలి.

షెడ్డు పని అయ్యాక మెకానిక్ బండిని ఒక చుట్టు తిప్పి తెస్తాడు. ‘చూడన్నా, ఎంత బాగా పోతుందో’ అని తాళాలు ఇస్తాడు. అబద్ధం కాదు, ఆ వేగంలో నిజంగానే బాగా పోతుంది. ఎందుకో చూడండి. ముందు చక్రాల ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 2.4 మీటర్లున్న చిన్న కారు. వదులైన కీలు వల్ల ముందు చక్రాలు ఒక్క డిగ్రీ పక్కకి తిరిగాయనుకుందాం. అప్పుడు కారు సుమారు 137 మీటర్ల వ్యాసార్ధంతో వంపు తిరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లలో కారు 11 మీటర్లు ముందుకి, అర మీటరు కంటే తక్కువ పక్కకి జరుగుతుంది. డ్రైవరు చెయ్యి తెలియకుండానే సర్దేస్తుంది. అదే డిగ్రీ 60 కిలోమీటర్ల వేగంలో అదే రెండు సెకన్లలో కారుని 33 మీటర్లు ముందుకి, 4 మీటర్లు పక్కకి తీసుకుపోతుంది. వేగం మూడు రెట్లయితే పక్కకి జరగడం తొమ్మిది రెట్లయింది. రెండు వరుసల రోడ్డులో ఒక వరుస వెడల్పు మూడున్నర మీటర్లు. అంటే ఎదురుగా వచ్చే లారీ వరుసలోకి పూర్తిగా వెళ్లిపోయినట్టే.

నియమం చెప్పిన 30 డిగ్రీలు లారీలతో సహా అన్ని మోటారు బండ్లకీ కలిపి గీసిన గరిష్ఠ గీత. సుమారు 37 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న కారు స్టీరింగు అంచు మీద అది దాదాపు 10 సెంటీమీటర్లు. రాక్ ఉన్న కారులో అంత ప్లే, అంటే స్టీరింగు ఉత్తినే తిరిగే మేర, ఉంటే ఆ కారుని నేను నడపను. 3 సెంటీమీటర్లు దాటగానే షెడ్డుకి పోవాలి.

ప్లే ఉందని వెళితే కొందరు చేసే పని ఒకటుంది. అరిగిన ఎండ్ మార్చకుండా, రాక్ మీద ఉన్న సర్దుబాటు మరని బిగించేస్తారు. ప్లే పోయినట్టే ఉంటుంది. రాక్ మధ్య భాగం ఎక్కువ అరుగుతుంది, పక్కలు తక్కువ. మధ్యకి సరిపోయేట్టు బిగిస్తే మలుపులో పక్క భాగం పట్టేస్తుంది. మలుపు దాటాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు. ముందు చక్రాల తిరుగుడు ఇరుసుని కాస్త వెనక్కి వాల్చి అమర్చేదే చక్రాలు వాటంతట అవి తిన్నగా రావడానికి. అది ఆగిందంటే ఎక్కడో ఏదో పట్టేస్తున్నట్టు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇది చాలా ప్రమాదం.

ఇంకొకటి, స్టీరింగు వంకరగా ఉందని ఫిర్యాదు చేస్తే టైరాడ్లు సర్దకుండా స్టీరింగు చక్రాన్నే ఊడదీసి తిన్నగా కనబడేట్టు మళ్లీ పెట్టడం. టైరాడ్ ఒక చుట్టు తిప్పితే పొడవు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు మారుతుంది, దానికి రోడ్డు మీది చక్రం అర డిగ్రీ పైనే తిరుగుతుంది. ఒక్క డిగ్రీ తప్పుగా తిరిగిన టైరు ప్రతి కిలోమీటరుకూ 17 మీటర్ల మేర పక్కకి రాసుకుంటూ పోతుంది. అందుకే ఎండ్ మార్చిన ప్రతిసారీ వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, టైరాడ్ లాక్ నట్టు బిగించారో లేదో చూడాలి. స్టీరింగు చక్రాన్ని ఊడదీయడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. దాని వెనక ఎయిర్‌బ్యాగుకి కరెంటు అందించే చుట్ట తీగ ఉంటుంది. అది మధ్యలో ఉంటేనే రెండు పక్కలా తిరిగే పొడవు సరిపోతుంది. తప్పు చోట కూర్చోబెడితే ఒక పక్కకి నిండా తిప్పినప్పుడు తెగుతుంది, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగు విచ్చుకోదు.

రబ్బరు తొడుగు చిన్న వస్తువు, దానికీ చెడ్డ పని తగులుతుంది. ఎండ్‌ని పుల్లర్‌తో తీయకుండా రెండు కొమ్ముల ఫోర్కు పెట్టి సుత్తితో కొడితే తొడుగు చిరుగుతుంది. చిరుగులోంచి దుమ్ము లోపలికి పోయి గ్రీజులో కలుస్తుంది. మట్టిలో ఉండే స్ఫటికపు ఇసుక మామూలు ఉక్కుని గీయగలదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎండకి పేరుపడ్డ రెంటచింతల పల్నాడు జిల్లాలోదే. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా రబ్బరు ముదిరే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. రాళ్ల లారీలు లేపే దుమ్ము, మండే ఎండ ఉన్న ఈ ప్రాంతంలో ఆ తొడుగులను ఏడాదికి ఒకసారి కాదు, ప్రతి సర్వీసుకీ చూడాలి.

అన్నిటికంటే నాకు భయం వేసేది వెల్డింగు, నిప్పు. గుంతలో పడి టైరాడ్ వంగుతుంది. దాన్ని ఎర్రగా కాల్చి, సుత్తితో సాపు చేసి, నీళ్లలో ముంచుతారు. ఆ కడ్డీ బలం దాని లావులో ఒక్కటే లేదు, ఫ్యాక్టరీలో దాన్ని లెక్క ప్రకారం వేడిచేసి చల్లార్చిన తీరులో ఉంది. మళ్లీ ఎర్రగా కాల్చిన క్షణం ఆ తీరు చెరిగిపోతుంది. నీళ్లలో హఠాత్తుగా చల్లారితే కొన్ని ఉక్కులు గాజులా పెళుసవుతాయి, నెమ్మదిగా చల్లారితే మెత్తబడతాయి. రెండూ ప్రమాదమే. పైకి కడ్డీ తిన్నగా, మెరుస్తూ ఉంటుంది.

కోసి అతికించే పనికి ప్రపంచంలో చాలామందికి తెలిసిన ఉదాహరణ ఒక రేసు కారు. 1994 మే 1న ఇటలీలోని ఇమోలాలో బ్రెజిల్ రేసరు అయర్టన్ సెన్నా నడుపుతున్న విలియమ్స్ కారు టాంబురెల్లో మలుపులో తిరగకుండా నేరుగా పోయి గోడకి కొట్టుకుంది. ఆయన చనిపోయాడు. శిథిలాల్లో స్టీరింగు కాలమ్ విరిగి కనబడింది. అంతకుముందు, డ్రైవరు చేతులకి చోటు చాలడం లేదని ఆ కాలమ్‌ని కోసి, మధ్యలో సన్నటి గొట్టం ముక్క అతికించారు. ఇటలీలో ఏళ్ల తరబడి విచారణ నడిచింది. 2007లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, సరిగ్గా రూపొందించని, సరిగ్గా చేయని మార్పుల వల్ల కాలమ్ విరగడమే ప్రమాదానికి కారణమని చెప్పింది. కాలమ్ గోడ దెబ్బకే విరిగిందని జట్టు తరఫువాళ్లు వాదించారు. ఆ వాదన ఎలా ఉన్నా, సన్నబరిస్తే బలం తగ్గుతుందనడంలో మాత్రం శాస్త్రం వైపు నుంచి అనుమానం లేదు. మెలితిప్పుడుకి తట్టుకునే శక్తి కడ్డీ వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది, వ్యాసం పదో వంతు తగ్గితే బలం నాలుగో వంతుకి పైగా తగ్గుతుంది. లావు గొట్టం సన్న గొట్టాన్ని కలిసే అంచు దగ్గర ఒత్తిడి పోగవుతుంది, పగులు అక్కడే పుడుతుంది. అంత డబ్బు, అంతమంది ఇంజినీర్లు ఉన్న చోటే కోసి అతికించిన కాలమ్ న్యాయస్థానం దాకా పోయింది. రోడ్డు పక్క వెల్డింగు షాపులో అతికించిన స్టీరింగు కడ్డీని నమ్మి కుటుంబాన్ని ఎక్కించుకోకూడదు.

కంపెనీలూ తప్పు చేస్తాయి. 2023 జూలైలో మారుతి సుజుకి టైరాడ్‌లో ఒక భాగం విరిగే అవకాశం ఉందని 87,599 ఎస్-ప్రెస్సో, ఈకో బండ్లను వెనక్కి పిలిపించింది. అవి 2021 జూలై 5 నుంచి 2023 ఫిబ్రవరి 15 మధ్య తయారైనవి. తేదీలు చెప్పగలిగింది, కాబట్టి బండ్లు దొరికాయి. షెడ్డులో జరిగిన పనికి అలాంటి ఆనవాలు ఉండదు. ఏ రోజు, ఏ చెయ్యి, ఏ ఎండ్, ఏ పిన్ను అన్నది బిల్లు లేకపోతే ఎవరికీ తెలియదు.

మన షెడ్లలో నేర్పు లేదని నేను అనను. శబ్దం విని రోగం చెప్పగల మనుషులు నరసరావుపేటలోనూ మాచర్లలోనూ ఉన్నారు. వాళ్లలో చాలామంది చిన్నప్పుడే పనిలో చేరి గురువు చెయ్యి చూసి నేర్చుకున్నారు. గురువు దగ్గర టార్క్ రెంచి లేకపోతే శిష్యుడికి దాని సంగతే తెలియదు. ఐటీఐలో మోటారు వాహన మెకానిక్ కోర్సు రెండేళ్లు ఉంటుంది, టార్క్ పట్టిక చూసి బిగించడం అక్కడ నేర్పుతారు. షెడ్డులో ఆ పట్టిక గోడకి అంటించి ఉండటం అరుదు. దానికి సగం కారణం మనం. ‘ఈ పూటకి నడిచేట్టు చెయ్యి, మళ్లీ చూద్దాం’ అని మనమే అంటాం. వంద రూపాయలు తగ్గించమని పాత పిన్నే వేయించుకుంటాం. అలా బేరం ఆడటానికి ఏసీ ఉంది, సీట్ల కవర్లు ఉన్నాయి. స్టీరింగు దగ్గర వద్దు. మెకానిక్ సోదరులకి నా మనవి ఒకటే, కొన్ని వేల రూపాయలు పెట్టి ఒక టార్క్ రెంచి కొనండి, దాని ఖరీదు పని కూలిలో కలిపి అడగండి. అడిగితే ఇచ్చేవాళ్లు ఉంటారు.

మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను ప్రకారం లోపం ఉందని తెలిసి, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండీ, ప్రమాదకరమైన స్థితిలో బండి నడిపినా, నడపనిచ్చినా నేరమే. షెడ్డు పని చెడితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు. దానికి బిల్లు కావాలి. కాబట్టి చిన్న పనైనా బిల్లు తీసుకోండి, అందులో మార్చిన సామాను పేరు రాయించండి, తీసేసిన పాత ఎండ్, పాత నట్టు అడిగి తీసుకోండి. ఒకరిని లోపల కూర్చోబెట్టి స్టీరింగుని కొద్ది కొద్దిగా అటూ ఇటూ కదపమని, మీరు పక్క నుంచి ప్రతి కీలునీ చూడండి. రెండు భాగాల మధ్య ఎక్కడ కదలిక ముందు కనబడితే లోపం అక్కడ. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి దూరకండి, స్టాండు పెట్టాకే వంగి చూడండి. చక్రం ఎక్కించి బిగించాక ఎండ్ నట్టూ, దాని పిన్నూ చక్రం వెనక దాగి సరిగ్గా కనబడవు. అవి చూడాల్సింది అంతకుముందే, మీ కళ్లతో మీరే.